యూదుల వంటశాలలో ధర్మమూ జ్ఞాపకమూ

ఇస్లామీయ అధ్యయన పత్రికలో వంటల పుస్తకానికి చోటేమిటని కొందరు పాఠకులు ఆశ్చర్యపడవచ్చు. కాని షరీఅత్ మన ఇళ్ళలో మస్జిద్ తర్వాత ఎక్కువగా కనిపించేది వంటింట్లోనే. ఏది హలాల్, ఏది హరామ్ అన్న వివేచన పిల్లలకు మొదట అలవడేది తల్లి చేతి అన్నంతోనే. యూదుల విషయంలోనూ అంతే. అందుచేత క్లాడియా రోడెన్ 1996లో ప్రకటించిన ‘ది బుక్ ఆఫ్ జ్యూయిష్ ఫుడ్’ మన పరిశీలనకు తగిన గ్రంథం.

శ్రీమతి రోడెన్ 1936లో కైరోలో జన్మించింది. ఆమె పూర్వీకులు అలెప్పో నుండి, ఇస్తాంబుల్ నుండి అక్కడికి వచ్చినవారు. 1956లో ఇజ్రాయీల్, బ్రిటన్, ఫ్రాన్స్ కలిసి ఈజిప్టుపై దాడి చేశాయి. ఆ యుద్ధం తర్వాత వేలాది ఈజిప్టు యూదులు దేశం విడవవలసి వచ్చింది. వారిలో ఆమె తల్లిదండ్రులూ ఉన్నారు. అప్పటికే లండన్‌లో చదువుకుంటున్న ఆమె, చెల్లాచెదురైన బంధువుల నుండి వంట విధానాలను అడిగి రాసుకోవడం ప్రారంభించింది. ఇల్లు పోయింది, వీధి పోయింది. చేతివాటం మాత్రం మిగిలింది. ఆ కృషికి తొలి ఫలం 1968లో వెలువడిన మధ్యప్రాచ్య వంటల గ్రంథం.

ఆ 1968 గ్రంథం వెనుక మన దక్కన్‌కు చెందిన విషయం ఒకటుంది. క్రీ.శ. 1226లో ముహమ్మద్ అల్‌బగ్దాదీ అరబ్బీలో రచించిన ‘కితాబుత్ తబీఖ్’ను ఎ.జె. ఆర్బెరీ ఆంగ్లంలోకి అనువదించాడు. ఆ అనువాదం 1939లో అచ్చయింది హైదరాబాదు త్రైమాసిక పత్రిక ‘ఇస్లామిక్ కల్చర్’లోనే. పిక్తాల్ తొలి సంపాదకత్వంలో 1927లో మొదలైన పత్రిక అది. రోడెన్ తన పుస్తకంలో ఆ అనువాదాన్ని విరివిగా వాడుకుంది. బగ్దాదు ముస్లిం విద్వాంసుడి రచన హైదరాబాదు పుటల మీదుగా, ఊరు కోల్పోయిన కైరో యూదు స్త్రీకి చేరిందన్నమాట. అనువాదం ఎవరి ఆకలి తీరుస్తుందో అనువాదకుడికి ముందుగా తెలియదు.

ఇక 1996 నాటి గ్రంథం. యూదుల వంట అన్నది ఒక్కటి కాదని, వారు నివసించిన ప్రతి దేశపు వంటా వారిదైందని ఆమె వాదం. అందుకే గ్రంథాన్ని అష్కెనాజీ, సెఫార్దీ అని రెండు భాగాలు చేసింది. భారతదేశపు యూదులకూ ఇందులో చోటిచ్చింది. అయితే ఒక ప్రశ్న మిగులుతుంది: పొరుగు ముస్లిం ఇంటి కూరే యూదు ఇంటి కూర అయినప్పుడు, దాన్ని యూదు వంటకం చేసిందేమిటి?

దానికి జవాబు ధర్మశాస్త్రమే. పంది, రక్తం నిషిద్ధాలు. జంతువును జిబహ్ చేయాలి. ఇంతవరకు కోషర్, హలాల్ దగ్గరి బంధువులు. ఒంటె వారికి నిషిద్ధం, మనకు ధర్మసమ్మతం. మద్యం మనకు నిషిద్ధం, వారి సబ్త్ విందులో ద్రాక్షసారాకు స్థానముంది. మాంసాన్నీ పాలనూ వారు కలపరు, పాత్రలు సైతం వేరుగా ఉంచుతారు. అల్‌బగ్దాదీ వర్ణించిన ‘మదీరా’ పుల్లని పాలలో ఉడికే మాంసం. కోషర్ పాటించే ఇంట అది వండరాదు. పొరుగువారు నేతిలో వేయించిన మాంసాన్ని యూదు గృహిణి నూనెలో వేయించేది.

సబ్త్ దినాన నిప్పు రాజేయరాదు. అందుచేత శుక్రవారం సూర్యాస్తమయానికి ముందే మాంసం, శనగలు, గుడ్లు కుండలో పెట్టి, సన్నని సెగపై మరునాటి మధ్యాహ్నం దాకా వదిలేస్తారు. మొరాకో యూదులు దాన్ని ‘దఫీనా’ అంటారు. మనం ‘దఫన్’ అనే అరబ్బీ ధాతువే అది. బూడిదలో పాతిపెట్టిన కుండ అని అర్థం. నిషేధమే అక్కడ రుచిని పుట్టించింది.

గ్రంథం లోపం ఇక్కడే కనిపిస్తుంది. కోషర్ నియమాలను రోడెన్ వివరించకపోలేదు. కాని వివరించాక పక్కకు జరిపింది. ఆ పైన పుటలను నడిపేది జ్ఞాపకమే. సబ్త్ లేని దఫీనా కేవలం శనగల కూర. రుచి వారసత్వానికి ద్వారం కావచ్చు గాని, ఇల్లు కాలేదు. ఈ మాట మనకూ వర్తిస్తుంది. ఉపవాసం విడిచిపెట్టి హలీమ్ కోసం మాత్రమే రమజాన్‌ను తలచుకునేవారు మనలో లేరా?

అయినా ఈ గ్రంథాన్ని చదవాలనే నా అభిప్రాయం. యూదుల జ్ఞాపకమంటే ముఖం తిప్పుకునే ధోరణి మనలో ఉంది. 1948లో ఏడు లక్షలకు పైగా పాలస్తీనీయులు తమ ఇళ్ళనూ పొయ్యిలనూ కోల్పోయారు. ఆ అన్యాయాన్ని మరవనక్కరలేదు, మరవరాదు కూడా. కాని ఆ దుఃఖాన్ని చెప్పడానికి కైరో యూదు కుటుంబపు దుఃఖాన్ని దాచనవసరం లేదు. ఒక జాతి పట్ల ద్వేషం న్యాయం నుండి మనల్ని తప్పించరాదని మాయిదా సూరాలోని ఎనిమిదవ ఆయత్ హెచ్చరిస్తోంది. గ్రంథ ప్రజల ఆహారం మనకు ధర్మసమ్మతమని తెలిపే ఐదవ ఆయత్ కూడా అదే సూరాలో ఉంది. వారి అన్నం మనకు హలాల్ అయినప్పుడు, ఆ అన్నం వెనుకనున్న కథను న్యాయబుద్ధితో వినడం మన విధి కాదా?