కోత యంచునకు నెత్తురు

తొడయందలి ధమని మూసికొనిపోయి, పాదము చల్లబడి, కాలివ్రేలు నల్లబడిన రోగికి, అతని కాలిసిరనే తీసి, అడ్డుపడినచోటును దాటించి నెత్తురును క్రిందికి పాఱించు బైపాస్ శస్త్రచికిత్సను 1948లో పారిస్ నగరమున కున్లిన్ అను వైద్యుడు చేసి చూపెను. నాళములను కుట్టు నేర్పునకు అలెక్సిస్ కారెల్ 1912లోనే నోబెల్ బహుమానమందెను. 1956లో వైద్యకళాశాల నెలకొన్న కర్నూలునకు నేటికిని కడప, నంద్యాల పల్లెలనుండి మానని పాదపుండ్లతో జనులు వచ్చుచునే యున్నారు. ఆపరేషన్ ముగిసినంతనే వారి బంధువులు అడుగునది "నరము అతుక్కునిందా సార్?" అనియే. నాళపు కుట్టు నిలిచినను, పైచర్మపు కుట్టు మానువఱకు నాకు నిశ్చింత యుండదు.

సుంకేసులయొద్ద తుంగభద్రను వీడిన కె.సి. కెనాల్ నిండుగా పాఱుచున్నను, పిల్లకాలువ పూడినచో చివరిమడి యెండక మానదు. చర్మమున కందు నెత్తురును అట్టిదే: కండరముల నడుమనుండి పైకి వచ్చు సన్నని నాళములే దానికి ఆధారము. సిరకొఱకు తొడ లోపలివైపున పొడవుగా కోసి, చర్మమును అడుగునుండి విడదీసినకొలది అవి తెగును; గజ్జలలోనైతే లసికానాళములును తెగి, నీరూరి, చెమటతడికి చీముపట్టు భయము కలదు. అచట నమర్చినది కృత్రిమనాళమైనచో ఆ చీము కాలికే గాక ప్రాణమునకును ముప్పు.

కావున కత్తిని ఏటవాలుగా గాక నిలువుగా దింపవలెను. అంచును పట్టుకారుతో నలుపరాదు. కుట్టు అంచులను తాకించుటకే గాని, అవి పాలిపోవునట్లు బిగించుటకు గాదు. కట్టు విప్పినపుడు నేను అంచుప్రక్కను వ్రేలితో నొక్కి విడుతును: రమారమి రెండు సెకండ్లలో రంగు తిరిగివచ్చినచో మనసు కుదుటపడును. నల్లని మేనిపై ఈ మార్పు సులభముగ గోచరింపదు గావున చేతి వెనుకభాగముతో వెచ్చదనమును గూడ చూతును. చర్మమందలి ఆక్సిజన్ పీడనమును కొలుచు యంత్రము 30 మిల్లీమీటర్ల పాదరసమునకు దిగువ చూపినచో గాయము మానుట కష్టము.

నెత్తురు తిరిగి పాఱిన కాలు వాచును. వాపు హెచ్చినచో సూక్ష్మనాళములు అణగిపోవును. నొప్పికి కాలిని మంచము క్రిందికి వ్రేలాడవేయుట కలవాటుపడిన రోగి యిపుడు దానిని దిండుపై నెత్తిపెట్టవలెను. "సార్, కాలు ఎచ్చబడె గదా, ఇంగ ఒక బీడీ తాగితే ఏమైతాది?" అని ఆళ్లగడ్డవైపు రైతొకడు నన్నడిగెను. నికోటిన్ చర్మనాళములను ముడుచుకొనజేయుననియు, పొగలోని కార్బన్ మోనాక్సైడు నెత్తుటిలో ఆక్సిజన్ చోటును ఆక్రమించుననియు, కొత్తగా వేసిన నాళమును సైతము పొగ మూయగలదనియు అతనికి విడమఱచి చెప్పితిని.

పాఠకులారా, నడచుచుండగా పిక్క పట్టి నిలిచిపోవలసివచ్చినను, పాదమున పుండు రెండు వారములకును మానకున్నను, పసరులు కట్టుచు కాలము గడపకుడు. మధుమేహమున్నవారు రెండు వారములైనను ఆగక, పుండు కనబడినంతనే ఆసుపత్రికి రండు. ఆపరేషన్ వఱకు ఆగక, బీడీని నేడే మానుడు.