తెలుగు సినిమాలో పర్యావరణ విధ్వంసం: ప్రతినాయకుడికి ఆవల

ఉపోద్ఘాతం:

సినిమా పర్యావరణ స్పృహను పెంచుతుందనడం సులభం. అది ఎలాంటి స్పృహ అన్నదే విమర్శ వేయవలసిన ప్రశ్న. పర్యావరణ విధ్వంసం చాలావరకు నెమ్మదిగా, ఏ ఒక్కరినీ దోషిగా చూపలేని రీతిలో సాగుతుంది. రాబ్ నిక్సన్ 2011లో వెలువరించిన గ్రంథంలో దీనిని ‘నెమ్మది హింస’గా వివరించాడు. వాణిజ్య సినిమాకు మాత్రం వేగంగా జరిగే సంఘటన, కంటికి కనిపించే శత్రువు కావాలి. ఈ వైరుధ్యాన్ని తెలుగు సినిమా ఎదుర్కొన్న తీరును మూడు చిత్రాల ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

మరమ్మతు భావన:

కొరటాల శివ దర్శకత్వం వహించిన ‘జనతా గ్యారేజ్’ (2016)లో కథానాయకుడు ఆనంద్ ప్రకృతి ప్రేమికుడు. అక్రమ క్వారీ తవ్వకాలను అడ్డుకోవడం వల్లనే అతడు గ్యారేజ్ కథలోకి ప్రవేశిస్తాడు. అయితే ద్వితీయార్ధంలో పర్యావరణం నేపథ్యంలోకి జారి, కుటుంబ సంఘర్షణ, ప్రతినాయకునితో పోరు ముందుకు వస్తాయి. గ్యారేజ్ అన్న ప్రతీకలోనే ఒక చిక్కు ఉంది. యంత్రంలో చెడిన భాగాన్ని మార్చవచ్చు. తవ్వి తరలించిన కొండను తిరిగి నిలపలేం. అన్నిటికీ మరమ్మతు సాధ్యమేనన్న భరోసా ప్రేక్షకునికి ఊరటనిస్తుంది, కానీ నష్టపు స్వభావాన్ని మరుగుపరుస్తుంది.

గోడ – విత్తనం:

ప్రభు సాల్మన్ ‘అరణ్య’ (2021)కు అస్సాంకు చెందిన జాదవ్ పాయెంగ్ జీవితం ఒక ప్రేరణ. బ్రహ్మపుత్ర ఇసుక మేటపై 1979 నుంచి మొక్కలు నాటి ఆయన అడవిని పెంచారు. చిత్రంలో సంఘర్షణ టౌన్‌షిప్ నిర్మించదలచిన మంత్రి చుట్టూ, ఏనుగుల దారికి అడ్డుగా లేచిన గోడ చుట్టూ తిరుగుతుంది. నీటి కోసం నడిచే ఏనుగులకు గోడ ఎదురవడం ఆవాస విచ్ఛిత్తిని పాఠ్యపుస్తకం కన్నా బలంగా చూపుతుంది. అయినా దశాబ్దాల ఓపికతో కూడిన విత్తే పని దృశ్యంగా నిలవలేదు, గోడే నిలిచింది.

దుంగగా మారిన చెట్టు:

సుకుమార్ ‘పుష్ప: ది రైజ్’ (2021)కు పర్యావరణ సందేశం ఇచ్చే ఉద్దేశం లేదు. స్మగ్లరే అందులో కథానాయకుడు. ఎర్రచందనం ప్రధానంగా తూర్పు కనుమల దక్షిణ భాగానికే పరిమితమైన, నెమ్మదిగా పెరిగే వృక్షం. సైటిస్ ఒప్పందపు రెండవ అనుబంధంలో ఉంది. చిత్రంలో మాత్రం అది దాదాపుగా దుంగగానే కనిపిస్తుంది. పాలట్యాంకరులో దుంగలను దాటించే నేర్పుకు ప్రేక్షకుడు చప్పట్లు కొడతాడు. ఇది చిత్రపు లోపమే. కానీ కూలీ నుంచి సిండికేటుకు, అక్కడి నుంచి చెన్నై వ్యాపారికి సాగే గొలుసును, చేతులు మారేకొద్దీ పెరిగే ధరను ఈ చిత్రం విప్పి చూపింది. అడవి ఎందుకు తరుగుతున్నదన్న ప్రశ్నకు మొదటి రెండు చిత్రాలు ఒక దుష్టుణ్ణి చూపితే, ఇది ఒక విపణిని చూపింది.

ముగింపు:

ప్రతినాయకుడు ఓడగానే సమస్య తీరినట్లు భావించే ప్రేక్షకుడు తన ఇంటి గ్రానైట్ గచ్చుకూ క్వారీకీ ఉన్న సంబంధాన్ని ఆలోచించడు. కనుక సందేశం ఉందా లేదా అన్న గణనతో పర్యావరణ చిత్రాలను వర్గీకరించడం చాలదు. కారణాన్ని ఎక్కడ చూపారు, కాలాన్ని ఎలా చూపారు, ప్రేక్షకుణ్ణి ఆ కారణంలో భాగస్వామిని చేశారా అన్న మూడు ప్రశ్నలు తరగతి గదిలోనూ పరిశోధనలోనూ ప్రమాణాలు కావాలి. ‘అరణ్య’లోని ఆర్తి, ‘పుష్ప’లోని విపణి జ్ఞానం ఒకే కథలో కలిసిన నాడు తెలుగు సినిమా పర్యావరణ చైతన్యానికి నిజంగా దోహదపడుతుంది.