హామీపత్రం జతచేయవలెను

మా చోడవరంలో స్వయంభూ వినాయకుడి గుడి దగ్గర చవితి సందడి అణగకముందే పత్రికల్లో కథల పోటీల ప్రకటనలు మొదలవుతాయి. దీపావళి సంచికకి ఒకటి, సంక్రాంతికి ఒకటి, ఉగాదికి ఒకటి. వేసేవాళ్లు ఎవరైనా భాష మాత్రం మారదు. కథ సొంతమై ఉండాలి. అనువాదాలు, అనుకరణలు పనికిరావు. ఇంతకుముందు ఎక్కడా అచ్చుకాకూడదు, వేరే పత్రిక పరిశీలనలో ఉండకూడదు. ఈమధ్య ఫేస్‌బుక్, వాట్సాప్ గ్రూపులు కూడా ఆ జాబితాలోకొచ్చాయి. ఆ మేరకు హామీపత్రం జతచేయాలి. న్యాయనిర్ణేతలదే తుది నిర్ణయం, ఉత్తర ప్రత్యుత్తరాలకు తావు లేదు. ఈ చివరి వాక్యమంటే నాకు గౌరవం. రాసేవాళ్లతో ఇంత ముక్కుసూటిగా ఇంకెవరూ మాట్లాడరు.

పూర్వం ఇంకో రెండు షరతులుండేవి. కాగితానికి ఒకవైపే రాయాలి, తిప్పి పంపడానికి స్టాంపులంటించిన కవరు పెట్టాలి. ఒకవైపే ఎందుకంటే, ప్రెస్సులో కంపోజింగ్ చేసేవాళ్లు ఆ కాగితాలు తలా కొన్ని పంచుకుని అక్షరాలు పేర్చుకునేవారు. ఇక ఆ కవరు సంగతి చెప్పక్కర్లేదు. మన దస్తూరీతో మనకే ఉత్తరం వచ్చిందంటే సంగతేమిటో పోస్ట్‌మేన్‌కి తెలుసు, ఆయనకి తెలిస్తే వీధికి తెలుసు. ఇప్పుడు కథ ఈమెయిల్‌లో వెళ్తుంది, బాగులేదన్న కబురు కూడా రాదు. నాకైతే ఆ తిరుగు కవరే నయమనిపిస్తుంది. కనీసం ఆ కథ మళ్లీ మన చేతికొచ్చేది. అన్నట్టు, 2022లో మాది అనకాపల్లి జిల్లా అయింది గానీ, కవరు మీద చిరునామా రాయాల్సొస్తే నా చెయ్యి ఇప్పటికీ విశాఖపట్నం జిల్లా అనే రాస్తుంది.

మా వీధిలో బ్లౌజులు కుట్టే అమ్మాయి ఒకర్తె కథలు రాస్తుంది. కొలతల పుస్తకంలో వెనక పేజీల నుంచి మొదలుపెట్టి ముందుకి రాసుకొస్తుంది. కొలతలూ కథా ఎక్కడో మధ్యలో కలుసుకుంటాయి. మొన్న ఒక ప్రకటన చూపించి, "ఎంట్రీ ఫీజు లేదంట పిన్నీ, పంపేస్తే మనకి పోయేదేటుంది?" అంది.

పోయేది ఉంది. రూపాయల్లో కనపడదు, అంతే.

హామీపత్రం మీద సంతకం పెట్టిన రోజు నుంచి ఫలితాలొచ్చేదాకా ఆ కథని ఇంకోచోటికి పంపకూడదు. గడువు తేదీ దగ్గరపడేసరికి "రచయితల కోరిక మేరకు" పొడిగిస్తారు. అలా కోరిన రచయిత ఇంతవరకూ నాకు తారసపడలేదు. తర్వాత ప్రాథమిక పరిశీలన, తర్వాత న్యాయనిర్ణేతలు, తర్వాత ఫలితాలు. బహుమతి రాకపోతే "సాధారణ ప్రచురణకు స్వీకరించాం" అంటారు. అదెప్పుడు వేస్తారో చెప్పరు, మరొకరికిద్దామంటే వాళ్ల దగ్గరున్నట్టే లెక్క. మా వైపు చెరకు రైతులకి ఈ అవస్థ విడమరిచి చెప్పక్కర్లేదు. తోట పక్వానికొచ్చాక కటింగ్ ఆర్డరు కోసం చూస్తూ కూర్చుంటే గడ ఎండి బరువు తగ్గుతుంది. కథ ఎండదు గానీ రాసిన మనిషి ఉత్సాహం ఎండుతుంది. మొదటి కథ పంపి ఫలితం కోసం ఏడాది కూర్చున్నవాళ్లు రెండో కథ రాయకపోవడం నేను చూశాను.

అలాగని ఉచిత పోటీల్ని తీసిపారెయ్యను. తెలుగులో కథల పోటీకి డబ్బు కట్టించుకోకపోవడం ఇవాళ్టి మర్యాద కాదు. మన పోటీల పేర్లు చూడండి, చాలావాటికి ముందు ఎవరో ఒకరి పేరూ, వెనక "స్మారక" అన్న మాటా ఉంటాయి. ఆంధ్రప్రభ వారపత్రికకి సంపాదకుడిగా చేసిన వాకాటి పాండురంగారావు పేరున జాగృతి వారపత్రిక నడిపేది అలాంటిదే. పోయినవాళ్ల పేరున పెట్టే పోటీకి ఫీజు అడగడం మనకి చేతకాదు, అది తద్దినం భోజనానికి టిక్కెట్టు పెట్టడమే. హ్యూస్టన్‌లో వంగూరి ఫౌండేషన్ వాళ్లు ఉగాదికి జరిపే పోటీ కూడా ఉచితమే. తల్లి పేరున పోటీ పెట్టే కొడుకుల్ని చూస్తే మాత్రం నాకొక చిలిపి అనుమానం. ఆ తల్లి బతికున్నప్పుడు కథల పుస్తకం పట్టుకుంటే, కూర మాడుతోందని వంటింట్లోకి పంపిన ఇల్లు కూడా అదేనేమో.

ఆడవాళ్ల రాతకి బహుమతి ఇవ్వడమన్న సంగతికొస్తే, మద్రాసులో కె.ఎన్. కేసరి 1928లో పెట్టిన గృహలక్ష్మి పత్రిక స్వర్ణకంకణమే ఇచ్చింది. 1934లో మొదటిది అందుకున్నది బాపట్లకి చెందిన కనుపర్తి వరలక్ష్మమ్మ. ఆ పత్రికలో 'శారద లేఖలు' రాసినావిడ. కేసరిగారిది లోధ్ర మందు వ్యాపారం. ఆడవాళ్ల జబ్బులకి మందమ్మినాయన ఆడవాళ్ల రాతలకి బంగారం పెట్టాడు. ఇవాళ్టి మెమెంటో, ప్లాస్టిక్ శాలువాల పక్కన పెట్టి చూస్తే ఆయన బేరమే నిఖార్సైనది.

ఈమధ్య ఇంకో రకం వచ్చింది. పోటీకి ఫీజుండదు. మీ కథ ఎంపికైందని ఫోను వస్తుంది. సంకలనం వేస్తున్నాం, ఎంపికైనవాళ్లు తలా ఇన్ని కాపీలు కొనాలి, ఆవిష్కరణ సభకి రాను పోను ఖర్చులు మీవే అంటారు. పంపినవాళ్లంతా ఎంపికై ఉంటారు. ఈ విషయంలో నేను మెతకదాన్ని కాను. కథకి వచ్చే సొమ్ము ఎంత తక్కువైనా పత్రిక దగ్గర్నుంచి రాసినవాళ్ల దగ్గరికే రావాలి గానీ అటు పోకూడదు. అటు పోయేదాన్ని అచ్చు ఖర్చు అనండి, విరాళం అనండి, పోటీ అనకండి.

నేను అసలు చెప్పాలనుకున్న నష్టం వేరే ఉంది. పోటీ మన కథని మనకి తెలియకుండానే వంచుతుంది.

అదెలాగో చెప్పాలంటే మొదటి కథల దగ్గర్నుంచి రావాలి. తెలుగులో తొలి కథ ఏదన్న తగవు చాలాకాలంగా ఉంది. గురజాడ 'దిద్దుబాటు' 1910లో ఆంధ్రభారతిలో వచ్చింది. గురజాడ పుట్టిన ఎస్.రాయవరం ఇప్పుడు మా జిల్లాలోదే, కాబట్టి నేను ఆ పక్షాన నిలబడాలి. కానీ అంతకు ఎనిమిదేళ్ల ముందే, 1902లో, భండారు అచ్చమాంబ 'ధనత్రయోదశి' అచ్చయింది. ఎక్కడ? సత్తిరాజు సీతారామయ్య అదే సంవత్సరం ఏలూరులో మొదలుపెట్టిన హిందూసుందరి అనే స్త్రీల పత్రికలో. భర్త ఉద్యోగం మూలంగా ఎక్కడో మధ్య పరగణాల్లో ఉన్న ఇల్లాలు, తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు చదువుకుంటుంటే పక్కన కూర్చుని చదువు పట్టిన మనిషి, అంత దూరం నుంచి ఏలూరికి కథ పంపింది. 1905లో పోయింది, అప్పటికి ముప్ఫై ఏళ్లు. మహిళా పత్రికల కథలంటే కాలక్షేపం సరుకని పెదవి విరిచేవాళ్లకి నేను ఈ ఒక్క సంగతే చెప్తాను.

ఆ రెండు కథల్నీ పక్కపక్కన పెట్టి చూడండి. అచ్చమాంబ కథలో దీపావళి పూట దొంగసొమ్ము తెచ్చిన భర్తని భార్య దారికి తెస్తుంది. గురజాడ కథలో రాత్రిళ్లు తిరిగే భర్తకి భార్య బుద్ధి చెప్తుంది. అప్పటికి ఆ రెండూ కొత్త. నూట ఇరవై ఏళ్లుగా అదే భార్య పోటీలకి వస్తూనే ఉంది. తాగొచ్చే భర్త, ఓర్చుకునే భార్య, ఆఖరి పేరాలో కనువిప్పు. వృద్ధాశ్రమం, అమెరికా కొడుకు, చివర్న విమానం దిగి ఏడుపు. న్యాయనిర్ణేతకి నచ్చుతుందని మనం ముందే అనుకుని రాసేవి ఇవి. వందల కథలు చదవాల్సిన మనిషి ఆఖరి పేరాలో ఏదో ఒకటి తేలాలని కోరుకుంటాడని మన ఊహ. నిజానికి ఆ మనిషి అవే చదివి చదివి విసిగిపోయి ఉంటాడు.

పోటీకెళ్లి గెలిచిన గొప్ప కథ లేదా అంటే ఉంది. పాలగుమ్మి పద్మరాజు 'గాలివాన' 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ పత్రిక జరిపిన ప్రపంచ కథల పోటీలో రెండో బహుమతి తెచ్చుకుంది. అందులో ఎవరికీ కనువిప్పు జరిగి చేతులు జోడించరు. తుఫాను రాత్రి స్టేషన్లో ఒక పెద్దమనిషి, ఒక బిచ్చగత్తె, అంతే. చదివినవాళ్లు ఎవరి పాట్లు వాళ్లు పడాలి.

పత్రికకి మామూలుగా పంపే కథకి ఎదురుగా కూర్చునేది తీర్పరి కాదు, మధ్యాహ్నం వంట ముగించి కొంగుతో చెయ్యి తుడుచుకుని పేజీ తిప్పే మనిషి. ఆవిడకి విసుగేస్తే తిప్పేస్తుంది. కథకి అంతకన్నా మంచి బడి నాకు తెలియదు. ఆంధ్రప్రభలో మాలతీ చందూర్ ప్రమదావనం శీర్షికకి ప్రశ్న రాసి పంపిన చేత్తోనే ధైర్యం చేసి కథ పంపినవాళ్లు నాకు తెలుసు. వనితాజ్యోతికి పంపినవాళ్లున్నారు. స్వాతి వారపత్రిక తనని తాను సపరివార పత్రిక అనుకునేది, అందులోనే సరసమైన కథలకి పోటీ కూడా పెట్టేది. ఆ పోటీకి మా ఊరి నుంచి పంపాలంటే కలంపేరు తప్పనిసరి. ఆడవాళ్లు ఇలా పేరు దాచుకుంటుంటే, మగవాళ్లు ఆడపేర్లు పెట్టుకోవడం ఇంకో తమాషా. పురాణం సుబ్రహ్మణ్యశర్మ 'పురాణం సీత' పేరుతో ఆంధ్రజ్యోతిలో ఇల్లాలి ముచ్చట్లు రాశాడు. జడ్జీ ఉద్యోగం చేసిన భాగవతుల నరసింగరావు భార్యతో కలిసి రాస్తూ 'బీనాదేవి' అయ్యాడు. ఆడపేరుకి పత్రికల్లో అంత గిరాకీ ఉన్న రోజులున్నాయన్నమాట.

ఆ పేజీలే ఇప్పుడు తగ్గిపోయాయి. కరోనా వచ్చిన ఆ రెండేళ్లలో నవ్య, విపుల, చతుర పత్రికలు ఆగిపోయాయి. 1993లో మొదలైన భూమిక లాంటివి పట్టుదల మీద నడుస్తున్నాయి. ఆదివారం అనుబంధాల్లో వారానికి ఒక కథ. ఇలా మామూలు దారి సన్నబడ్డకొద్దీ కొత్తవాళ్లందరూ పోటీల గుమ్మం ముందే నిలబడుతున్నారు. పోటీ కథ ఒక్కటే కథ అనుకునే తరం తయారవుతోంది, నా బెంగ అది. శ్రీకాకుళంలో కథకుడు కారా మాస్టారు (కాళీపట్నం రామారావు) 1997లో ప్రారంభించిన కథల గ్రంథాలయం కథానిలయంలో పాత సంచికలు తిరగేస్తే ఆ బెంగ కాస్త తగ్గుతుంది. "బహుమతి పొందిన కథ" అని నెత్తిన అచ్చేసుకున్నవాటి కన్నా, ఏ హడావుడీ లేకుండా ఒక మూల పేజీలో ఉన్నవే నా వెంట ఇంటికొచ్చాయి.

ఆ బ్లౌజుల అమ్మాయి కథ చదివాను. ఒకావిడ పెళ్లినాటి చీరకి జాకెట్టు కుట్టించుకోడానికిచ్చి మళ్లీ రాదు. జాకెట్టు హ్యాంగరుకి వేలాడుతూ ఉంటుంది. పండగలు వెళ్తాయి. కుట్టుకూలి బాకీ అలాగే ఉంటుంది. కొలతల పుస్తకంలో ఆవిడ పేజీ మాత్రం చింపబుద్ధి కాదు. అక్కడికి కథ అయిపోయింది. కానీ దాని తర్వాత వేరే ఇంకుతో రెండు పేజీలున్నాయి. భర్త మారిపోయి వస్తాడు, బాకీ తీరుస్తాడు, కళ్లు తుడుచుకుంటూ జాకెట్టు పట్టుకెళ్తాడు.

"ఇదెందుకే?" అన్నాను.

"పోటీకి గదా పిన్నీ. ఆకర్ని ఏదో ఒకటి చెప్పాలి గదా."

ఆ రెండు పేజీలూ తీసెయ్యమన్నాను. కాసేపు గునిసింది, "ఇంత కష్టపడి రాసేనూ" అంది, తీసేసింది. మిగిలింది ఒక పోటీ అడిగే పదాల సంఖ్యకి సరిపోదు గానీ ఒక వారపత్రికకి చక్కగా సరిపోతుంది. డీటీపీ షాపులో అను ఫాంట్‌లో కొట్టించబోతే వద్దన్నాను. చాలా పత్రికలు యూనికోడ్‌లోనే అడుగుతున్నాయి. పైగా ఫాంట్ మార్చేటప్పుడు ఒత్తులు ఎగిరిపోతే మన తెలుగే తప్పనుకుంటారు. ఫోన్లో మాట్లాడి టైపు చేసుకుంది, తప్పులు ఇద్దరం కూర్చుని దిద్దాం. కథ ముందు పరిచయ వాక్యాలు, "నా తొలి ప్రయత్నాన్ని ఆశీర్వదించండి" లాంటివి, తీయించాను. సంపాదకుడు ఆశీర్వదించడానికి కూర్చోలేదు. హామీపత్రం మాత్రం రాయించాను, అది పోటీ కాకపోయినా అడుగుతారు. ఎప్పుడు పంపిందో ఒకచోట రాసి పెట్టుకోమన్నాను. మూడు నెలలు చూసి, ఉలుకూ పలుకూ లేకపోతే కథ వెనక్కి తీసుకుంటున్నానని ఒక ముక్క రాసి మరొకరికి పంపమన్నాను. ఇది ఎక్కడా రాసిపెట్టిన నియమం కాదు, అయినా మర్యాదకి లోటు లేదు.

ఒక్కచోట ఆగాం. కథ కింద రచయిత ఫోన్ నంబరు వెయ్యడం మన పత్రికల్లో ఆనవాయితీ. దాని సుఖం దానికుంది. ఎక్కడో ఆదిలాబాద్ నుంచో బళ్లారి నుంచో ముక్కూ మొహం తెలియని మనిషి ఫోన్ చేసి, మీ కథలో ఆవిడ మా అక్కేనండీ అంటారు. ఉత్తర ప్రత్యుత్తరాలకు తావు లేదనే న్యాయనిర్ణేత దగ్గర దొరకనిది అదే. కానీ రాసింది ఆడమనిషని తెలిస్తే రాత్రి పదింటికి చేసేవాళ్లు కూడా ఉంటారు. కథ గురించి రెండు ముక్కలు మాట్లాడి, మీవారేం చేస్తారండీ అని మొదలుపెడతారు. అందుకే నా కథల కింద నంబరు వెయ్యనివ్వను. ఇదంతా చెప్పి, నీ ఇష్టం అన్నాను.

ఆ పిల్ల కాసేపు ఆలోచించి షాపు నంబరిచ్చింది. రాత్రి ఎనిమిది దాటితే అది ఎలాగూ స్విచ్చాఫే. "కత నచ్చినోళ్లు జాకెట్లు కూడా ఇత్తారేమో పిన్నీ" అంది.