స్థానిక సంఘము: స్వరూపము, ఏకత్వము

క్రైస్తవ వ్యవహారమున 'సంఘము' అను తెలుగు పదమునకు మూడర్థములు గలవు. ఒక దేవాలయమున కూడుకొను విశ్వాసుల సమూహము సంఘము, మతశాఖ సంఘము, లోకమందలి సమస్త విశ్వాసుల సముదాయమును సంఘమే. ఈ యర్థములు కలగలసి పోవుటచే స్థానిక సంఘమును గూర్చిన చర్చ తరచుగా దారి తప్పుచున్నది. కావున మొదట క్రొత్త నిబంధన ప్రయోగమును పరిశీలింపవలెను.

పౌలు కొరింథు పట్టణమునకు వ్రాయునపుడు సంఘమును ఏకవచనమునను, గలతీయ ప్రాంతమునకు వ్రాయునపుడు బహువచనమునను వాడెను. ఇట్టి ప్రయోగములను ఆధారముగా గొని చైనా దేశీయుడగు వాచ్‌మన్ నీ (1903–1972) ఒక పట్టణమునకు ఒకే సంఘ ముండవలెనని బోధించెను. ఒకే యూరి విశ్వాసులు మిషనుల పేర, మతశాఖల పేర విడిపోవుట తగదనుటలో ఈ వాదమునకు బలము కలదు. ఆ శాఖలలో పెక్కు ఐరోపా, అమెరికా ఖండముల కలహములలో పుట్టినవి. ఆ కలహములతో మన పల్లెలకు సంబంధము లేదు.

అయినను పట్టణపు టెల్లయే ఏకత్వమునకు ప్రమాణమనుట నిలువదు. రోమా పత్రిక 16వ అధ్యాయమున అకుల ప్రిస్కిల్లల యింట కూడు సమూహమునకును సంఘమనియే పేరు. ఒకే పట్టణమున ఇంటి కూటము సైతము సంఘమే యైనపుడు, ఎల్లను బట్టి సంఖ్యను నిర్ణయించుట యెట్లు? మరియు కొరింథులో సంఘము ఒక్కటియే. ఐనను అందు పక్షము లుండెను. ప్రభు భోజనమునకు కూడిన చోటనే కలవారు తృప్తిగా భుజింపగా లేనివారు ఆకలితో నుండిరి. పేరు ఒక్కటి యగుట వేరు, మనసు లొక్కటి యగుట వేరు.

1947 సెప్టెంబరు 27వ తేదీన మద్రాసులో ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘము ఆంగ్లికను, మెథడిస్టు, ప్రెస్బిటేరియను, కాంగ్రిగేషనల్ సంప్రదాయములను ఏకము చేసినది. అది గొప్ప కార్యమే. కాని తెలుగు బాప్టిస్టులును, లూథరనులును అందు చేరలేదు. పాలనలో కలయిక ఏకత్వమునకు సాధనమే కాని, ఏకత్వమునకు పర్యాయపదము కాదు.

మరి ప్రమాణమేది? అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయము దానిని చూపుచున్నది. యెరూషలేము సంఘమున గ్రీకు భాష మాటలాడు విధవరాండ్రు అనుదిన పరిచర్యలో ఉపేక్షింపబడిరి. భాషను బట్టి రెండు సంఘములు కాలేదు. సణుగుకొనిన వారిని గద్దింపను లేదు. పరిచర్యకై ఏడుగురిని ఏర్పరచిరి. ఆ యేడుగురి పేరులును గ్రీకు పేరులే. ఉపేక్షింపబడిన పక్షమువారి చేతికే భాండారము నప్పగించిరని దీనివలన ఊహింపవచ్చును.

చెన్నై, బెంగుళూరు నగరములందలి తెలుగు క్రైస్తవులకు ఈ యుదంతము మిక్కిలి సన్నిహితము. తమిళ, కన్నడ విశ్వాసుల నడుమ తెలుగున ఆరాధించుట చీలిక కాదు; మాతృభాషలో ప్రార్థించుట సహజము. కాని తెలుగువాని ఆపద తమిళునికిని, కన్నడిగుని ఆపద తెలుగువానికిని పట్టనపుడు, దేవాలయము ఒక్కటియైనను సంఘము రెండైనట్లే. అల్పసంఖ్యాకులకు పంపకములో భాగమును, నిర్ణయములో మాటయు గలచోట, ఆరాధన భాషలు పెక్కైనను స్థానిక సంఘము ఒక్కటియే.