జడ్జీలు కవిత చదివినప్పుడు

సుప్రీంకోర్టు తీర్పులంటే మనలో చాలామందికి వార్తల్లో వచ్చే నాలుగు లైన్లే. 2025 మార్చి 28న ఇమ్రాన్ ప్రతాప్‌గఢీ కేసులో వచ్చిన తీర్పుని మాత్రం మొత్తం చదవమంటాను. అందులో జస్టిస్ అభయ్ ఎస్. ఓకా, జస్టిస్ ఉజ్జల్ భుయాన్ చేసింది అచ్చంగా మనం చేసే పనే: ఒక కవితని కూర్చుని చదవడం.

ప్రతాప్‌గఢీ ఉర్దూ కవి, కాంగ్రెస్ రాజ్యసభ సభ్యుడు. గుజరాత్‌లోని జామ్‌నగర్‌లో సామూహిక వివాహాలకి వెళ్ళినప్పటి వీడియో ఒకటి ఎక్స్‌లో పెట్టారు. వెనక ఒక ఉర్దూ కవిత వినిపిస్తుంది. జనవరి 3న ఎఫ్ఐఆర్ అయింది, వర్గాల మధ్య శత్రుత్వం రెచ్చగొడుతున్నారని. కేసు కొట్టేయడానికి జనవరి 17న హైకోర్టు ఒప్పుకోలేదు. దర్యాప్తు ఇంకా మొదట్లోనే ఉందట, కవితలో సింహాసనం మాటేదో ఉందట, ఎంపీ అయినవాడు జాగ్రత్తగా మసలుకోవాలట.

సుప్రీంకోర్టు కవితని ముక్కలుగా కాకుండా మొత్తంగా చదివింది. ఇందులో ఏ మతమూ, ప్రాంతమూ, జాతీ లేవంది. సింహాసనమంటే పాలకులని, అన్యాయాన్ని కూడా ప్రేమతోనే ఎదుర్కొంటామని చెప్పే కవిత ఇదని, నిజానికి ఇది అహింసనే చెబుతోందని తేల్చింది. హైకోర్టు ఒక్క మాట దగ్గర ఆగి అనుమానపడితే, సుప్రీంకోర్టు చివరి లైను దాకా వెళ్ళింది. మంచి పాఠకుల లక్షణమే.

కానీ నా పేచీ కూడా ఇక్కడే. ఈ తర్కంలో కవిత బతికి బయటపడింది దాని మంచితనం వల్ల. మరి ప్రేమ మాటే ఎత్తని కవిత సంగతేంటి? మన దగ్గర 1965లో దిగంబర కవుల మొదటి సంపుటి వచ్చింది. వాళ్ళ కవిత్వానికి ఊపిరి కోపమే. పెద్దమనుషుల చెవులు మండాలనే రాశారు. అలాంటి కవిత మీద ఇవాళ కేసు పెడితే, ఇది అహింస గురించే అని ఏ జడ్జి రాయగలరు? క్యారెక్టర్ సర్టిఫికెట్ చూసి కవితని విడుదల చేస్తే, సర్టిఫికెట్ దొరకని కవిత లోపలే ఉండిపోతుంది.

అయితే అదే తీర్పులో ఇంకో గట్టి దారి ఉంది. 1946లో నాగపూర్ హైకోర్టులో జస్టిస్ వివియన్ బోస్ ఒక కొలత పెట్టారు. మాటల ప్రభావాన్ని వివేకమూ ధైర్యమూ నిబ్బరమూ ఉన్న మనిషి కళ్ళతో చూడాలి, ప్రతి విమర్శలోనూ ప్రమాదాన్ని పసిగట్టే పిరికివాడి కళ్ళతో చూడకూడదు. టీవీ సీరియల్ ‘తమస్’ని ఆపమని పిటిషన్ వచ్చినప్పుడు, 1988లో, సుప్రీంకోర్టు వాడింది ఈ కొలతనే. ఇప్పుడూ వాడింది. ఇది పరీక్షించేది పాఠకుణ్ణి. కవిత మంచిదా చెడ్డదా అనే గొడవ దీనికి అక్కర్లేదు. ఆమాటకొస్తే కవి ఎవరన్నదీ అక్కర్లేదు. ఆ కవిత ఫైజ్‌దో హబీబ్ జాలిబ్‌దో కావచ్చని ప్రతాప్‌గఢీ అఫిడవిట్ వేశారు మరి!

ఇంకో పనికొచ్చే ముక్క ఉంది. కొత్త నాగరిక్ సురక్షా సంహితలో సెక్షన్ 173(3) ప్రకారం, మూడేళ్ళ నుంచి ఏడేళ్ళ లోపు శిక్షపడే నేరాల్లో, డీఎస్పీ అనుమతితో 14 రోజుల్లో ప్రాథమిక విచారణ చేయొచ్చు. మాటల మీద పెట్టే ఇలాంటి కేసుల్లో ఎఫ్ఐఆర్‌కి ముందు ఆ విచారణ చేయడమే సబబని కోర్టు చెప్పింది. అంటే కవితకి మొదటి పాఠకుడు స్టేషన్‌లోని పోలీసాయనే. బోస్ చెప్పిన నిబ్బరం ముందు ఆయనకుండాలి.

ప్రతాప్‌గఢీ ఎంపీ. మూడు నెలల్లోపే సుప్రీంకోర్టులో గెలిచి రాగలిగారు. చిన్న ఊళ్ళో ఇన్‌స్టాలో కవిత పెట్టే కుర్రాడికి అంత సీన్ లేదు. రేపు అతని మీద కేసు పడితే, అతని లాయరు ఈ తీర్పులోంచి ఏ పేరా చదువుతాడన్నదే అసలు సంగతి. “మావాడి కవిత మంచిదే సార్” అని మొదలుపెడితే సగం ఓడిపోయినట్టే. బోస్ పేరా తీసి చదవాలి.