చూరు ఎంత ముందుకు రావాలి?

నలభై ఏళ్లుగా ఇళ్ల ప్లాన్లు గీస్తున్నాను. మొదటి పాతికేళ్లూ డ్రాయింగ్ బోర్డు మీదే గీశాను. ట్రేసింగ్ పేపరు మీద ఇంకు గీత తప్పుపడితే బ్లేడుతో మెల్లగా గీకి తీయాలి. అదే చోట మళ్లీ గీకితే కాగితం చిరుగుతుంది. అందుకే పెన్ను ఆనించేముందు చాలాసేపు ఆగేవాళ్లం. ఆ ఆగడంలోనే ఇల్లు సగం తయారయ్యేదని నాకు తెలిసింది మాత్రం గ్లెన్ మర్కట్ గీసిన బొమ్మలు చూశాకే.

ఆయన ఆస్ట్రేలియా ఆర్కిటెక్ట్. 1936లో లండన్‌లో పుట్టారు, పసితనం న్యూగినీలో గడిచింది. తండ్రి తెప్పించే వాస్తు పత్రికల్లో మీస్ వాన్ డెర్ రో కట్టిన గాజు ఇంటిని కుర్రతనంలోనే చూశారు. 1969లో సిడ్నీలో సొంత పని మొదలుపెట్టారు. సిబ్బందిని పెట్టుకోలేదు. చేతిలో పెన్సిలు, ముందు కాగితం, అంతే. 2002లో ప్రిట్జ్‌కర్ బహుమతి వచ్చాక కూడా తన నేల దాటి కట్టలేదు. వేరే దేశపు గాలీ వానా తనకు తెలియవు గదా అన్నది ఆయన పట్టుదలగా నాకు కనిపిస్తుంది. ఆ పట్టుదలంటే నాకు ఎంతో గౌరవం.

న్యూ సౌత్ వేల్స్ తీరాన బింగీ దగ్గర 1984లో పూర్తయిన మాగ్నీ ఇంటి సెక్షన్ డ్రాయింగు ముందు నేను ఎన్ని సాయంత్రాలు కూర్చున్నానో. భూమధ్యరేఖకు అంత దక్షిణాన మిట్టమధ్యాహ్నపు సూర్యుడు ఎప్పుడూ ఉత్తరం వైపే ఉంటాడు. నడివేసవిలో సుమారు 77 డిగ్రీల ఎత్తున, నడిచలికాలంలో 30 డిగ్రీల ఎత్తున. ఈ రెండు కోణాల మధ్యే ఆ ఇంటి చూరు పుట్టింది. వేసవి ఎండను బయటే ఆపుతుంది, చలికాలపు ఎండను గదిలోకి రానిస్తుంది. మన కోస్తాలో పైరగాలి కోసం దక్షిణపు కిటికీ బార్లా తెరుస్తాం. అక్కడ దక్షిణం నుంచి వచ్చేది చలిగాలి, కాబట్టి ఆయన అటువైపు ఇటుక గోడ కట్టి, ఉత్తరానికి గాజు పెట్టారు. రెక్కలు విప్పినట్టున్న రేకుల కప్పు వాననీటిని నడుమ కాలువలోకి దించి తొట్లకు పంపుతుంది. మనం పశువుల పాకకీ గోడౌనుకీ వేసే ముడతల రేకే అది! దాన్ని ఇంత మర్యాదగా వాడినవాళ్లను నేను చూడలేదు.

ఉత్తర తీరంలో, తుఫాన్ల దారిలో ఉన్న యిర్కలాలో 1994లో కట్టిన మారికా-ఆల్డర్టన్ ఇంటికి అసలు గాజు కిటికీలే లేవు. ఒక ఆదివాసీ చిత్రకారిణి కుటుంబం కోసం కట్టిన ఇల్లది. గోడల్లా కనిపించేవి పైకెత్తి తెరిచే ప్లైవుడ్ తలుపులు. ఉప్పెన నీరు, గాలి కిందనుంచి పోయేలా ఇంటిని స్తంభాల మీద నిలబెట్టారు. తుఫానులో లోపలి ఒత్తిడి, బయటి ఒత్తిడి సమానమయ్యేందుకు కప్పులో గొట్టాలు పెట్టారు. తుఫాను మర్నాడు ఊళ్లలో ఎగిరిపోయిన రేకులు ఏరుకునేవాళ్లను చూసిన నాకు, ఆ గొట్టాల దగ్గర చూపు ఆగిపోయింది.

పాఠం చెప్పడంలోనూ ఆయనది ఇదే పద్ధతి. షోల్‌హేవెన్ నది ఒడ్డున రివర్స్‌డేల్‌లో, చిత్రకారుడు ఆర్థర్ బాయ్డ్ దేశానికిచ్చిన స్థలంలో, వెండీ లెవిన్, రెగ్ లార్క్‌లతో కలిసి 1999లో విద్యార్థుల కోసం ఒక భవనం పూర్తిచేశారు. 32 మంది పడుకునే గదులున్నాయి. 2001 నుంచి రిచర్డ్ లెప్లాస్ట్రియర్, పీటర్ స్టచ్‌బరీ వంటి సహచరులతో కలిసి దేశదేశాల ఆర్కిటెక్టులకు అక్కడ తరగతులు నడిపారు. తను కట్టిన కప్పు కిందే, ఆ నదిగాలి పీలుస్తూ నేర్చుకునే అదృష్టం వాళ్లది.

ఇప్పుడు నేనూ కంప్యూటర్ మీదే గీస్తున్నాను. తప్పు గీత ఒక్క నొక్కుతో మాయమవుతుంది, ఎక్కడా ఆగక్కర్లేదు. అందుకే కొత్త పని ఒప్పుకుంటే ముందు ఇంటివాళ్లను అడిగి, పొద్దున ఒకసారి, మిట్టమధ్యాహ్నం ఒకసారి, పొద్దుగుంకేవేళ ఒకసారి ఆ స్థలంలో నిలబడి వస్తున్నాను. గత వారం వెళ్లినచోట పడమటి హద్దులో పెద్ద వేపచెట్టుంది. దాని నీడ ఎంతవరకు వస్తుందో అడుగులతో కొలిచాను. ఆ ఇంటి కాగితం మీద మొదటి గీత ఆ నీడదే.