మంచుకొండల మూగఘోష

ఆకాశం వంగి నుదురు ముద్దాడే నేల టిబెట్. కైలాసం వెండి కిరీటం, మానస సరోవరం నీలి కన్ను. సింధు, సట్లెజ్, బ్రహ్మపుత్ర, మెకాంగ్, యాంగ్జీ... అన్నింటికీ అదే పుట్టిల్లు. ఇన్ని దేశాల దాహం తీర్చే ఆ తల్లి గొంతు మాత్రం డెబ్బై ఏళ్లు దాటినా ఎండిపోతూనే ఉంది.

1950లో చైనా సైన్యం వచ్చింది. 1959 మార్చిలో తిరుగుబాటు అణచివేతతో రాజధాని లాసా నెత్తురోడింది. టిబెట్ మతగురువు, ఇరవైమూడేళ్ల దలైలామా సిపాయి వేషంలో, చీకటి మాటున నార్బులింకా ప్రాసాదం విడిచి, మంచు కనుమలు దాటి మన దేశంలోని తవాంగ్ చేరుకున్నారు. 2009 నుంచి 150 మందికి పైగా టిబెటన్లు నిరసనగా తమ ఒంటికి తామే నిప్పంటించుకున్నారు. అంత మంటకీ లోకం కన్ను చెమర్చలేదు.

తెలుగువాడిగా నా గుండె కలుక్కుమనేది ఇంకొకచోట. ఆచార్య నాగార్జునుడు శాతవాహన ప్రభువుకు రాసిన 'సుహృల్లేఖ' సంస్కృత మూలాన్ని మనం పోగొట్టుకున్నాం. ఆ మాటల్ని టిబెట్ భిక్షువులు తమ భాషలోకి తెచ్చుకుని, చెక్క పలకల మధ్య పేర్చి, గుడ్డ చుట్టి, ప్రాణంలా దాచారు. మన దీపం కొండెక్కకుండా చేతులడ్డుపెట్టి కాచిన ఆ భాషకే ఇప్పుడు ఊపిరాడనివ్వడం లేదు. సుమారు 10 లక్షల మంది పిల్లల్ని ఇంటికి దూరంగా ప్రభుత్వ వసతి బడుల్లో ఉంచి చైనీస్‌లో చదివిస్తున్నారని 2023లో ఐక్యరాజ్యసమితి నిపుణులు ఆందోళన పడ్డారు. మా బడుల్లో మా భాష చెప్పండని కెమెరా ముందు అడిగిన పాపానికి తాషి వాంగ్‌చుక్ అనే దుకాణదారు అయిదేళ్లు జైల్లో మగ్గాడు. అతను అడిగింది రాజ్యం కాదు, అక్షరాలు!

పచ్చిక మైదానాల్లో జడలబర్రె వెంట్రుకలతో నేసిన నల్లని గుడారం ఉంటుంది. వాన తడికి పోగులు ఉబ్బి సందులు మూసుకుంటాయి, ఎండకు విచ్చుకుని పొయ్యి పొగను బయటికి పంపుతాయి. అంత తెలివైన ఇంటిని మడతపెట్టించి, కాపరుల్ని వరసగా కట్టిన కాలనీల్లోకి తరలిస్తున్నారు. పైన హిమానీనదాలు కరిగిపోతున్నాయి. దెర్గె ప్రాంతంలో, ప్రాచీన కుడ్యచిత్రాలున్న వోంతో మఠాన్ని ముంచే ఆనకట్ట వద్దని 2024 ఫిబ్రవరిలో భిక్షువులూ పల్లెజనమూ అధికారుల ముందు మోకరిల్లి ఏడ్చారు. ఆ కన్నీళ్లకు బదులుగా దొరికింది నిర్బంధం. 2025 జూలైలో యార్లుంగ్ సాంగ్‌పో (టిబెట్‌లో బ్రహ్మపుత్ర పేరు) పెద్ద మలుపు దగ్గర మరో మహా జలవిద్యుత్ ప్రాజెక్టు పని మొదలైంది.

ఇక ఒక పసివాడు. గెధున్ చోక్యి నీమా. టిబెట్ బౌద్ధంలో దలైలామా తర్వాతి స్థానమైన పంచెన్ లామాగా దలైలామా ప్రకటించిన మూడు రోజులకే, 1995 మే 17న, ఆరేళ్ల ఆ బిడ్డను అమ్మానాన్నలతో సహా చైనా అధికారులు తీసుకుపోయారు. మామూలు జీవితం గడుపుతున్నాడు, ఎవరి జోక్యమూ కోరుకోవడం లేదు అంటుంది బీజింగ్. గడుపుతుంటే మరి చూపించరేం?